ల్యాబులోని సిస్టమ్‌లన్నిటికీ ఒకే జాబితా: ఆన్సిబుల్‌తో ప్యాకేజీల ఇన్‌స్టలేషన్

నెల్లూరు నుంచి కావలి మీదుగా ఒంగోలు దాకా జాతీయ రహదారి వెంట ఉన్న డిగ్రీ, ఇంజినీరింగ్ కళాశాలల్లో సెమిస్టర్ మొదలయ్యే వారం ల్యాబ్ అసిస్టెంట్ల పని దాదాపు ఒకే తీరుగా సాగుతుంది. పెన్‌డ్రైవు పట్టుకుని ఒక్కో సిస్టమ్ ముందు కూర్చోవడం, పాస్‌వర్డ్ కొట్టడం, కంపైలర్ ఒకటి, డేటాబేస్ ఒకటి ఎక్కించడం, పక్క కుర్చీకి జరగడం. ఇందులో పోయే సమయం సంగతి అటుంచితే, అసలు చిక్కు వేరే ఉంది: 40 సిస్టమ్‌లకు చేత్తో చేసిన పని ఏ రెండింటిలోనూ అచ్చంగా ఒకేలా ఉండదు. ఒకదానిలో జావా పాతది, మరొకదానిలో మై ఎస్‌క్యూఎల్ సగంలో ఆగినది, ఇంకొకదానిలో ఎవరో విద్యార్థి కోసం వేసిన అదనపు సాఫ్ట్‌వేర్. ఈ తేడాలు ప్రాక్టికల్ పరీక్ష రోజున, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎదుట మాత్రమే బయటపడతాయి.

ఏ సిస్టమ్‌లో ఏమి ఉండాలో ఒక ఫైలులో రాసిపెట్టి, ఆ ఫైలు ప్రకారం అన్ని సిస్టమ్‌లనూ సరిచేసే బాధ్యతను ఒక సాధనానికి అప్పగించడమే దీనికి తగిన మార్గం. ఇటువంటి సాధనాలు కొత్తవేమీ కావు. సీఎఫ్‌ఇంజిన్ 1993లోను, పప్పెట్ 2005లోను, షెఫ్ 2009లోను, ఆన్సిబుల్ 2012లోను వచ్చాయి. వీటిలో మన జిల్లాల కళాశాలల స్థాయికి ఆన్సిబుల్ సరిపోతుందని నా అభిప్రాయం. అందుకు కారణం ఒక్కటే. పప్పెట్, షెఫ్ వంటివాటిని మామూలుగా వాడే పద్ధతిలో ప్రతి సిస్టమ్‌లోను ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామును ముందుగా ఎక్కించి, అది ఎల్లప్పుడూ నడిచేలా చూసుకోవాలి. ఆన్సిబుల్‌కు ఏజెంట్ అవసరం లేదు. లినక్స్ సిస్టమ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా మరో సిస్టమ్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) సర్వర్, పైథాన్ ఉంటే చాలు. అది ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్లి, పని ముగించుకుని బయటికి వచ్చేస్తుంది. 2015లో రెడ్ హ్యాట్ సంస్థ దీనిని కొనుగోలు చేసినప్పటికీ ఇది ఓపెన్ సోర్స్‌గానే కొనసాగుతున్నది కనుక లైసెన్సు ఖర్చు గురించి ప్రిన్సిపాల్ గారికి ఫైలు పెట్టవలసిన పని ఉండదు.

ఇక్కడి ఉదాహరణలన్నిటికీ నెల్లూరులో 40 సిస్టమ్‌లు, ఒంగోలులో 30 సిస్టమ్‌లు ఉన్న రెండు ల్యాబులను ఊహించుకుందాం. అన్నిటిలోనూ ఉబుంటు 24.04 ఉందనుకుందాం. కమాండ్లను, ఫైళ్లలోని పదాలను పలికే తీరులో తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాలలో కొట్టాలి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

నియంత్రణకు ఒక సిస్టమ్‌ను ఎంచుకోవాలి. ల్యాబ్ ఇన్‌చార్జి టేబుల్ మీది కంప్యూటరే చాలు, కాకపోతే అది లినక్స్ లేదా ఆ తరహా యూనిక్స్ సిస్టమ్ అయి ఉండాలి. ఆన్సిబుల్‌ను నేరుగా విండోస్ నుంచి నడపలేము. విండోస్ వదలలేనివారు అందులోనే డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే సౌకర్యం) పెట్టుకుని దానిలో ఉబుంటు వాడుకోవచ్చు. ఉబుంటులో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆన్సిబుల్’ అనే కమాండ్‌తో ఆన్సిబుల్ వచ్చేస్తుంది. ఇందులో సుడో అంటే నిర్వాహక అధికారంతో నడపమని; ఆప్ట్ అంటే ఉబుంటులో ప్యాకేజీలను, అంటే ఎక్కించడానికి సిద్ధంగా కట్టిపెట్టిన సాఫ్ట్‌వేర్ మూటలను, తెచ్చి ఎక్కించే సాధనం. మిగిలిన సిస్టమ్‌లలో పైథాన్ 3 ముందే ఉంటుంది, ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ను మాత్రం ఎక్కించాలి. చేత్తో ఒక్కో సిస్టమ్ దగ్గరకు వెళ్లవలసి వచ్చే చివరి సందర్భం ఇదే కాబట్టి అదే విడతలో రెండు పనులు కలిపి చేసుకోవడం మంచిది. ఒకటి, సుడో అధికారం ఉన్న నిర్వాహక ఖాతాను అన్నిటిలోనూ ఒకే పేరుతో తెరవడం. రెండు, సిస్టమ్‌లకు క్రమమైన పేర్లు పెట్టడం. రైల్వే స్టేషన్ కోడ్‌లు ఇందుకు బాగా ఉపయోగపడతాయి: నెల్లూరువి ఎన్‌ఎల్‌ఆర్-01 నుంచి ఎన్‌ఎల్‌ఆర్-40 వరకు, ఒంగోలువి ఓజీఎల్-01 నుంచి ఓజీఎల్-30 వరకు. అవే నంబర్లను మానిటర్ మీద స్టిక్కర్‌గా కూడా అంటిస్తే, తెర మీద ఎన్‌ఎల్‌ఆర్-17 విఫలమైందని కనిపించినప్పుడు ఏ కుర్చీ దగ్గరకు వెళ్లాలో వెతుక్కోనక్కరలేదు. రౌటర్‌లో ఒక్కో సిస్టమ్‌కు ఐపీ అడ్రసును స్థిరంగా కేటాయించి, ఆ పేర్లతోనే సిస్టమ్‌లు నెట్‌వర్క్‌లో దొరికేలా చూడాలి. అది వీలుకాని చోట ఇన్వెంటరీలో (సిస్టమ్‌ల పేర్ల జాబితా ఫైలు, దీని సంగతి కింద వస్తుంది) పేరు పక్కన అడ్రసును రాసినా సరిపోతుంది.

తరువాత నియంత్రణ సిస్టమ్‌లో ‘ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్’తో ఈడీ25519 రకం కీని తయారు చేసి, ‘ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ’తో దాని బహిరంగ భాగాన్ని ప్రతి సిస్టమ్‌లోని నిర్వాహక ఖాతాకు పంపాలి. ఇకపై లాగిన్‌కు పాస్‌వర్డ్ అడగదు. కీ యొక్క రహస్య భాగం నియంత్రణ సిస్టమ్ దాటి వెళ్లకూడదు. దానిని పెన్‌డ్రైవులో వేసుకుని తిరగడమంటే 70 సిస్టమ్‌ల తాళాలను జేబులో వేసుకుని తిరగడమే.

ఇన్వెంటరీ

ల్యాబు పేరుతో ఒక డైరెక్టరీ తెరిచి, అందులో ఇన్వెంటరీ అనే ఫైలును రాయాలి. చదరపు బ్రాకెట్లలో ‘నెల్లూరు’ అని గుంపు పేరు రాసి, దాని కింద వరుసలో ‘ఎన్‌ఎల్‌ఆర్-’ తరువాత చదరపు బ్రాకెట్లలో 01, కోలన్, 40 అని రాస్తే ఆన్సిబుల్ దానిని 40 పేర్లుగా విడదీసుకుంటుంది. ఒంగోలు గుంపునూ ఇలాగే రాయాలి. అదే డైరెక్టరీలో ఆన్సిబుల్ డాట్ సీఎఫ్‌జీ అనే ఫైలు పెట్టి, ఇన్వెంటరీ ఎక్కడుందో, ఏ ఖాతాతో లోపలికి వెళ్లాలో అందులో సూచిస్తే ప్రతి కమాండ్‌లోనూ వాటిని మళ్లీ చెప్పనక్కరలేదు. ఆ డైరెక్టరీలో ఎవరైనా రాయగలిగేలా అనుమతులు ఉంటే మాత్రం ఆన్సిబుల్ భద్రత దృష్ట్యా ఆ సీఎఫ్‌జీ ఫైలును పక్కన పెట్టేస్తుంది. సెట్టింగులు ఎందుకు పట్టడం లేదో తెలియక తికమకపడేవారు మొదట చూడవలసింది ఇదే.

‘ఆన్సిబుల్ నెల్లూరు -ఎం పింగ్’ అని కొడితే ప్రతి సిస్టమ్ నుంచి ‘పాంగ్’ అని సమాధానం రావాలి. ఇది మనం మామూలుగా వాడే నెట్‌వర్క్ పింగ్ కాదు. లాగిన్ అయి, అక్కడి పైథాన్‌ను నడిపి చూసిన తరువాతనే పాంగ్ వస్తుంది కనుక, ఇది వచ్చిందంటే మిగిలిన పనికి దారి తెరుచుకున్నట్లే.

ప్లేబుక్ రాయడం

ప్లేబుక్ అనేది సిస్టమ్‌లు ఏ స్థితిలో ఉండాలో చెబుతూ యామల్ (ఇండెంటేషన్‌తో అమరికను చూపే సాదా పాఠ్య రూపం) పద్ధతిలో రాసే ఫైలు. ఇందులో పనుల క్రమం కన్నా ముందు గమనించవలసింది దాని వెనుక ఉన్న ఆలోచన. షెల్ స్క్రిప్టులో ‘ఇది చెయ్యి’ అని రాస్తాము. ప్లేబుక్‌లో ‘ఇది ఉండాలి’ అని రాస్తాము. కిరాణా కొట్టుకు ఐదు కిలోల కందిపప్పు తెమ్మని పంపితే డబ్బా నిండుగా ఉన్నా ఐదు కిలోలూ వచ్చిపడతాయి. కందిపప్పు డబ్బా నిండుగా ఉండాలని చెబితే, వెలితిగా ఉంటేనే తెస్తారు. ఆన్సిబుల్ రెండో పద్ధతిని అనుసరిస్తుంది. అందువలన ఒకే ప్లేబుక్‌ను ఎన్నిసార్లు నడిపినా నష్టం లేదు.

మూడు అడ్డగీతలతో ఫైలు మొదలవుతుంది. ‘హోస్ట్స్’ ఎదురుగా నెల్లూరు అనే గుంపు పేరు, ‘బికమ్’ ఎదురుగా ట్రూ అనే విలువ, ఆ తరువాత ‘టాస్క్స్’ కింద పనులు వస్తాయి. బికమ్ అంటే ఆ పనులను రూట్ (పూర్తి నిర్వాహకుడి) అధికారంతో చేయాలని అర్థం. ప్యాకేజీలు ఎక్కించడానికి అది తప్పదు. యామల్‌లో ఇండెంటేషన్‌కు స్పేసులే వాడాలి, ట్యాబ్ పడితే ఫైలు చెల్లదు. ఎడిటర్‌లో ట్యాబ్ నొక్కితే రెండు స్పేసులు పడేలా ముందే అమర్చుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ప్యాకేజీల పనికి ‘ఆన్సిబుల్ డాట్ బిల్టిన్ డాట్ ఆప్ట్’ అనే మాడ్యూల్‌ను (ఒక్కో రకం పనికి ఆన్సిబుల్‌లో ఉండే భాగం) వాడతాము. దాని కింద ‘నేమ్’ దగ్గర జాబితా రాయాలి: బిల్డ్-ఎసెన్షియల్, డిఫాల్ట్-జేడీకే, మైఎస్‌క్యూఎల్-సర్వర్, గణిత లెక్కల కోసం ఆక్టేవ్, నెట్‌వర్క్ ప్యాకెట్లను చూడటానికి వైర్‌షార్క్, తెలుగు ఫాంట్ల కోసం ఫాంట్స్-తెలు, తెలుగు టైపింగ్ కోసం ఐబస్-ఎం17ఎన్. ‘స్టేట్’ ఎదురుగా ప్రెజెంట్ అని, ‘క్యాష్_వ్యాలిడ్_టైమ్’ ఎదురుగా 3600 అని రాస్తే, గంటలోపు ప్యాకేజీల సూచికను తెచ్చుకుని ఉన్న సిస్టమ్ మళ్లీ దానికోసం ఇంటర్నెట్ మీదికి వెళ్లదు. పాత ఉదాహరణలను చూసి చాలామంది ఒక్కో ప్యాకేజీకి లూప్ పెడుతుంటారు. అలా చేస్తే 20 ప్యాకేజీలకు 20 సార్లు ఆప్ట్ నడుస్తుంది. జాబితా మొత్తాన్ని నేమ్ కిందనే ఇస్తే ఒకే విడతలో పని ముగుస్తుంది.

స్టేట్ విలువల విషయంలో కొంత ఆగి ఆలోచించాలి. ప్రెజెంట్ అంటే ఉంటే చాలు, ఏ వెర్షన్ అయినా సరే. లేటెస్ట్ అంటే నడిపిన ప్రతిసారీ కొత్త వెర్షన్ ఉంటే దానికి మార్చమని. యాబ్సెంట్ అంటే తీసేయమని. సెమిస్టర్ మధ్యలో లేటెస్ట్ వాడకపోవడమే మంచిదని గట్టిగా చెబుతాను. రికార్డులో విద్యార్థి రాసుకున్న అవుట్‌పుట్ ఒకటి, పరీక్ష రోజున తెర మీద వచ్చేది మరొకటి అయితే సమాధానం చెప్పవలసింది ల్యాబ్ ఇన్‌చార్జే. ఫలానా వెర్షనే కావాలంటే ప్యాకేజీ పేరు పక్కన ఈక్వల్ గుర్తు పెట్టి వెర్షన్ నంబరు రాయవచ్చు.

వైర్‌షార్క్ దగ్గర ఆగవలసి వస్తుంది. చేత్తో ఎక్కించేటప్పుడు ఇది మధ్యలో నీలిరంగు తెర చూపి, రూట్ కాని వాడుకరులు నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టవచ్చా అని అడుగుతుంది. ఆన్సిబుల్ ఇటువంటి ప్రశ్నలు తెర మీదికి రాకుండా నడుపుతుంది కనుక దానంతట అదే ‘వద్దు’ అనే జవాబు పడిపోతుంది. ఇన్‌స్టలేషన్ సవ్యంగానే ముగుస్తుంది, కాని నెట్‌వర్క్స్ ల్యాబులో విద్యార్థి ప్రోగ్రాము తెరిస్తే ఇంటర్‌ఫేస్‌ల (నెట్‌వర్క్ కనెక్షన్ల) జాబితా అందుబాటులో ఉండదు. దీనికి మందు, ఆప్ట్ పనికి ముందుగా, ఇటువంటి ప్రశ్నలకు జవాబును ముందే నమోదు చేసే ‘డెబ్‌కాన్ఫ్’ మాడ్యూల్‌తో మరొక పని రాయడం. అందులో నేమ్ ఎదురుగా వైర్‌షార్క్-కామన్, క్వశ్చన్ ఎదురుగా ‘వైర్‌షార్క్-కామన్/ఇన్‌స్టాల్-సెట్‌యుఐడీ’, వీటైప్ ఎదురుగా బూలియన్, వాల్యూ ఎదురుగా కొటేషన్ గుర్తుల మధ్య ట్రూ అని ఇవ్వాలి. ఆప్ట్ పని తరువాత ‘యూజర్’ మాడ్యూల్‌తో విద్యార్థుల ఖాతాను వైర్‌షార్క్ గుంపులో చేర్చాలి. ఆ పనిలో ‘అపెండ్’ ఎదురుగా ట్రూ అని రాయడం మరిచిపోతే ఆ ఖాతా అంతకుముందున్న ఇతర గుంపుల నుంచి ఊడిపోతుంది. ఈ మూడు పనుల వరుస మారకూడదు: జవాబు ముందు, ప్యాకేజీ తరువాత, గుంపు ఆఖరున.

పైథాన్ లైబ్రరీల విషయంలో ఉబుంటు 24.04 పాత అలవాటును సాగనివ్వదు. సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో (పైథాన్ లైబ్రరీలను ఎక్కించే సాధనం) నేరుగా ఎక్కించబోతే ఆ పర్యావరణం బయటి నిర్వహణలో ఉందంటూ ఆపేస్తుంది. డిగ్రీ సిలబస్‌కు కావలసిన నంపై, పాండాస్, మ్యాట్‌ప్లాట్‌లిబ్ మూడూ ఆప్ట్‌లో పైథాన్3 అనే ముందుమాటతో దొరుకుతాయి కనుక వాటిని మన జాబితాలోనే చేర్చడం సులువు.

నడపడం, ఫలితం చదవడం

ఎప్పుడూ మొదటిసారే 40 సిస్టమ్‌ల మీదికి వదలకూడదు. ‘ఆన్సిబుల్-ప్లేబుక్’ కమాండ్‌కు సింటాక్స్-చెక్ అనే ఐచ్ఛికం ఇచ్చి ఫైలు రాత సరిగా ఉందో చూడాలి. తరువాత చెక్ అనే ఐచ్ఛికంతో, ఏమి మారబోతుందో మార్చకుండానే చెప్పించుకోవాలి. ఒక పని ఫలితం మీద మరొక పని ఆధారపడిన చోట చెక్ తప్పుడు ఎర్రర్ చూపవచ్చు; వైర్‌షార్క్ ఇంకా ఎక్కలేదు కనుక ఆ గుంపు లేదని యూజర్ పని దగ్గర అనవచ్చు, దానికి కంగారుపడనక్కరలేదు. ఆ పైన లిమిట్ ఐచ్ఛికంతో ఎన్‌ఎల్‌ఆర్-01 ఒక్కదాని మీద నిజంగా నడిపి, ఆ కుర్చీలో కూర్చుని విద్యార్థి ఖాతాతో లాగిన్ అయి ఒక సి ప్రోగ్రాము కంపైల్ చేసి, వైర్‌షార్క్ తెరిచి, తెలుగులో ఒక వాక్యం టైపు చేసి చూడాలి. సుడో పాస్‌వర్డ్ అడిగే అమరిక ఉన్నచోట కమాండ్‌కు పెద్దబడి కె ఐచ్ఛికాన్ని జోడిస్తే మొదట్లో ఒక్కసారి మాత్రం అడుగుతుంది.

చివర కనిపించే ‘ప్లే రీక్యాప్’ను ఓపికగా చదవడం నేర్చుకోవాలి. మన ప్లేబుక్‌లో మూడు పనులు, వాటికి ముందు సిస్టమ్ వివరాలు సేకరించే పని ఒకటి ఉన్నాయి కాబట్టి కొత్త సిస్టమ్ వరుసలో ఓకే 4, చేంజ్డ్ 3, అన్‌రీచబుల్ 0, ఫెయిల్డ్ 0 అని వస్తుంది. ఓకే సంఖ్యలోనే చేంజ్డ్ కూడా కలిసి ఉంటుంది. వెంటనే రెండోసారి నడిపితే ఓకే 4, చేంజ్డ్ 0 అని రావాలి. అలా రాకుండా రెండోసారి కూడా ఏదో ఒకటి మారుతూనే ఉందంటే, ప్లేబుక్‌లో ‘ఉండాలి’ అని రాయవలసిన చోట ఎక్కడో ‘చెయ్యి’ అని రాసినట్లే. షెల్ మాడ్యూల్ వాడిన పనుల్లో ఇది ఎక్కువ.

ఫెయిల్డ్ అని వచ్చేవాటిలో తరచు ఎదురయ్యేది తాళం సమస్య. ఉబుంటు భద్రతా అప్‌డేట్‌లను తనంతట తాను వేసుకుంటుంది. రాత్రంతా ఆపి ఉంచిన సిస్టమ్ ఉదయం తొమ్మిదిన్నరకు వెలగగానే ఆ తప్పిపోయిన పనిని మొదలుపెట్టి డీపీకేజీ (ఆప్ట్ వెనుక ఉండి ప్యాకేజీలను ఎక్కించే ప్రోగ్రాము) తాళాన్ని పట్టుకుని కూర్చుంటుంది. ఈ తాళం ఒకరి దగ్గర ఉండగా మరొకరు ప్యాకేజీలను మార్చలేరు. సరిగ్గా అప్పుడే మనం ప్లేబుక్‌ను వదిలితే తాళం దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది. ఆప్ట్ మాడ్యూల్ మామూలుగా 60 సెకన్లు ఎదురుచూస్తుంది. ‘లాక్_టైమౌట్’ను 600కు పెంచితే ఈ గొడవ చాలావరకు సద్దుమణుగుతుంది. ల్యాబు ఖాళీగా ఉండే మధ్యాహ్న భోజన విరామంలో నడుపుకోవడం ఇంకా మేలు.

అన్‌రీచబుల్ అంటే సిస్టమ్ అందలేదని, అంతే. ఆపి ఉండవచ్చు, కేబుల్ ఊడి ఉండవచ్చు. నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలకు కోస్తాలో కరెంటు పోయి వచ్చే రోజుల్లో యూపీఎస్ బ్యాటరీ బలం చూసుకోకుండా పెద్ద ఇన్‌స్టలేషన్ మొదలుపెట్టకూడదు. మధ్యలో ఆరిపోయిన సిస్టమ్‌లో ప్యాకేజీలు సగం విప్పి వదిలేసిన స్థితిలో ఉంటే ‘డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ అన్న కమాండ్‌ను రూట్ అధికారంతో ఒకసారి నడిపి, మళ్లీ మొత్తం ప్లేబుక్‌ను నడపాలి. పని పూర్తయిన సిస్టమ్‌ల జోలికి అది ఎలాగూ పోదు.

ఇంటర్నెట్ భారం తగ్గించుకోవడం

40 సిస్టమ్‌లు ఒకే జేడీకేను 40 సార్లు దిగుమతి చేసుకుంటే కళాశాల బ్రాడ్‌బ్యాండ్ ఆ పూటకు ఎవరికీ అందదు. నియంత్రణ సిస్టమ్‌లో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ ఎక్కిస్తే అది 3142 పోర్టులో వింటూ, మొదటి సిస్టమ్ అడిగినప్పుడు ప్యాకేజీని బయటి నుంచి తెచ్చి దాచి, మిగిలిన 39 సిస్టమ్‌లకు లోపలి నెట్‌వర్క్ నుంచే ఇస్తుంది. ఆ అడ్రసును ప్రాక్సీగా చూపే ఒక్క వరుస ఫైలును ‘కాపీ’ మాడ్యూల్‌తో ప్రతి సిస్టమ్‌లోని ఆప్ట్ డాట్ కాన్ఫ్ డాట్ డీ డైరెక్టరీలో పెట్టే పనిని ప్లేబుక్‌లో అన్నిటికంటే ముందు చేర్చాలి. అప్పుడు రీక్యాప్‌లో ఓకే, చేంజ్డ్ రెండూ ఒకటేసి పెరుగుతాయి. హెచ్‌టీటీపీఎస్ రిపాజిటరీలు (ఆ రకం అడ్రసుతో అందే ప్యాకేజీల భాండారాలు) మామూలు అమరికలో ఈ దాపులోకి రావు. ఆన్సిబుల్ తనంతట తాను ఒకసారికి ఐదు సిస్టమ్‌ల మీదనే పని చేస్తుంది. ఈ దాపు కుదిరాక, ఆ సంఖ్యను నిర్ణయించే ‘ఫోర్క్స్’ను 20కి పెంచుకోవచ్చు.

జాబితాను కాపాడుకోవడం

రెండు ల్యాబులకు రెండు ప్లేబుక్‌లు రాయడం మొదలుపెడితే మళ్లీ పాత కథే. ప్లేబుక్ ఒక్కటే ఉండాలి. ‘గ్రూప్_వార్స్’ అనే డైరెక్టరీలో అందరికీ ఉమ్మడి జాబితా ఒక ఫైలులో, నెల్లూరుకు ప్రత్యేకమైనది ఒకదానిలో, ఒంగోలుకు ప్రత్యేకమైనది మరొకదానిలో ఉండి, ఆప్ట్ పని ఈ జాబితాలను కలుపుకోవాలి. అప్పుడు ప్లేబుక్‌లో హోస్ట్స్ ఎదురుగా నెల్లూరుకు బదులు ఆల్ అని రాయాలి.

కొత్తవారు తప్పక తడబడే చోటు ఒకటి ఉంది. జాబితా నుంచి ఒక ప్యాకేజీ పేరును చెరిపేస్తే ఆ ప్యాకేజీ సిస్టమ్‌ల నుంచి పోదు. ఆన్సిబుల్ తనకు చెప్పినదాన్నే చూస్తుంది. చెప్పడం మానేసినదాని గురించి దానికి పట్టింపు లేదు. అందుచేత తీసేయవలసినవాటికి వేరే జాబితా ఉంచి, స్టేట్ యాబ్సెంట్ అనే పనితో తొలగించాలి. అన్నిటిలోనూ పోయిందని రీక్యాప్‌లో చూసుకున్నాకే ఆ పేరును ఆ జాబితా నుంచి కూడా తీయవచ్చు.

ఈ డైరెక్టరీ మొత్తాన్ని గిట్‌లో (ఫైళ్లలో చేసిన ప్రతి మార్పునూ నమోదు చేసే సాధనం) పెట్టుకోవాలి. అధ్యాపకులు వాట్సాప్‌లో అడిగిన ప్యాకేజీని జాబితాలో చేర్చి, ఎవరు, ఏ సబ్జెక్టు కోసం అడిగారో కమిట్ సందేశంలో (ఆ మార్పుతో పాటు రాసే వివరణలో) తెలుగులోనే రాసిపెడితే, వచ్చే సంవత్సరం మరొక అసిస్టెంట్ ఆ కుర్చీలోకి వచ్చినా ఆక్టేవ్ ఎందుకుందో అడిగి తెలుసుకోవలసిన అవసరం రాదు. పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో బహిరంగంగా ఉండకూడదు; వాటిని గుప్తీకరించి దాచడానికి ఆన్సిబుల్ వాల్ట్ ఉంది. అత్యవసరమని ఒక్క సిస్టమ్‌లో చేత్తో ఏదైనా ఎక్కించవలసి వస్తే అదే రోజు జాబితాలోకి కూడా ఎక్కించాలి, లేదా తీసేయాలి.

నెల్లూరులో కూర్చుని ఒంగోలు ల్యాబును నేరుగా అందుకోలేని సందర్భాలు ఉంటాయి. అక్కడి కనెక్షన్‌కు బయటి నుంచి చేరగల అడ్రసు లేకపోవడం మామూలే. అటువంటి చోట ‘ఆన్సిబుల్-పుల్’ వాడాలి. దీనిలో దిశ తిరగబడుతుంది: ఒంగోలులోని ప్రతి సిస్టమ్ ఆన్సిబుల్‌ను తనలోనే ఉంచుకుని, క్రాన్‌లో (నిర్ణీత వేళకు పనులు నడిపే సదుపాయం) రాసిన వేళకు గిట్ రిపాజిటరీ నుంచి తాజా ప్లేబుక్‌ను తెచ్చుకుని తన మీద తానే నడుపుకుంటుంది. ప్లేబుక్‌లోని పేరుకు, సిస్టమ్ తన హోస్ట్‌నేమ్‌గా చెప్పుకునే పేరుకు పొంతన కుదరకపోతే ఏ పనీ జరగకుండానే ముగుస్తుంది కాబట్టి, మొదటి రోజు ఆ సిస్టమ్ ముందు కూర్చుని లాగ్ (నడిచిన పనుల నమోదు) చదువుకోవాలి. ఫలితాలన్నీ ఒకే తెర మీద కనిపించే సౌకర్యం ఇందులో పోతుంది గనుక క్రాన్ వరుసలోనే అవుట్‌పుట్‌ను ఒక ఫైలులోకి మళ్లించి, ఆ ఫైళ్లలో ఫెయిల్డ్ సంఖ్య సున్నా కానివాటిని వారానికోసారి చూసి చెప్పే పనిని ఒంగోలులోని అసిస్టెంట్‌కు అప్పగించాలి.